మూగ రేడియోకు మాట రప్పించడం ఎలా?

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

విజ్ఞానశాస్త్ర విద్యార్థులమైన మనకు ఓమ్ నియమం వచ్చు, కిర్కాఫ్ నియమాలు వచ్చు. అనునాద పౌనఃపున్యానికి సూత్రం ఏమిటని నిద్రలో లేపి అడిగినా చెబుతాం. అయితే చేతులతో సాల్డరు వేసి తయారుచేసిన చిన్న రేడియో ఒకటి, బ్యాటరీ తగిలించినా కిక్కురుమనకపోతే ఏం చేయాలి? ఈ ప్రశ్న మన ప్రశ్నపత్రాల్లో రాదు. వచ్చినా రెండు మార్కులకు మించి రాదు. కాని పనిచేయని పరికరాన్ని ముందు పెట్టుకుని కూర్చున్న వాడికి, చదివిన నాలుగు ముక్కలూ అక్కరకొచ్చేదీ, రానిదీ తేలేది అక్కడే.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. దోషాన్ని వెతకటానికి ఒక క్రమం ఉంది. ఆ క్రమం పాటిస్తే ఖరీదైన పరికరాలు లేకపోయినా దోషం దొరుకుతుంది. పాటించకపోతే ఎన్ని పరికరాలున్నా దొరకదు. దీనికి ఉదాహరణగా హామ్ రేడియో అభిరుచి గలవారు ఇంట్లో తయారుచేసుకునే ఒక చిన్న రిసీవరును తీసుకుంటాను.

హామ్ రేడియో అంటే ఏమిటి?

లాభాపేక్ష లేకుండా, కేవలం ఆసక్తితో, తమ సొంత రేడియో పరికరాలతో ఒకరితో ఒకరు మాట్లాడుకునే వారిని హామ్‌లు అంటారు. మన దేశంలో ప్రసారం చేయాలంటే కేంద్ర ప్రభుత్వ టెలికం శాఖవారి పరీక్ష ప్యాసై లైసెన్సు పొందాలి. మన హామ్‌ల పిలుపు గుర్తులు చాలావరకు వి.యు. అనే అక్షరాలతో మొదలవుతాయి. 1983లో హైదరాబాదులో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఈ రంగంలో ఎందరికో శిక్షణ ఇచ్చింది.

"ఫోన్లు, ఇంటర్నెట్టు ఉండగా ఈ గోలంతా ఎందుకు?" అని మిత్రులు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. 2004 డిసెంబరులో అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో భారతి ప్రసాద్ గారి నాయకత్వంలో ఒక హామ్ బృందం ప్రసారాలు చేస్తూ ఉండింది. 26వ తేదీన సునామీ వచ్చి టెలిఫోన్లు మూగబోయినప్పుడు, ద్వీపాల్లోని వారి క్షేమ సమాచారాలను ప్రధాన భూభాగానికి చేరవేసినవారిలో ఆ బృందం ముందుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన కథ మన పెద్దలకు తెలుసు. తీగలు తెగి, స్తంభాలు కూలిన చోట సెల్ టవరు కూడా నమ్మదగినది కాదు.

అలాంటి సమయంలో ఆ రేడియో పాడైతే? కొత్త ఐసీ కొందామంటే దుకాణం తెరిచి ఉండదు, మెకానిక్కు రాడు. ఉన్న సామాగ్రితో, ఉన్నచోటే బాగుచేయాలి. కనుక రేడియోలో మాట్లాడటం ఎంత అవసరమో, మూగబోయిన రేడియో చేత మాట్లాడించటం అంతకన్నా అవసరం.

రిసీవరు నిర్మాణం

నేను చెప్పబోయే రిసీవరు 7 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే సుమారు 42 మీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద పనిచేస్తుంది. వాడుకలో దీన్ని 40 మీటర్ల బ్యాండు అంటారు. మన ప్రాంతంలో 7000 నుంచి 7200 కిలోహెర్ట్జ్ వరకు హామ్‌లకు కేటాయించబడింది. దీనిలోని సూత్రం మనం ఇంటర్మీడియట్ ధ్వనిశాస్త్రంలో చదివిన విస్పందనాలే. రెండు శ్రుతిదండాలను కలిపి మోగిస్తే వాటి పౌనఃపున్యాల భేదం వినిపిస్తుంది గదా! అలాగే, ఆకాశం నుంచి 7100 కిలోహెర్ట్జ్ సంకేతం వస్తున్నప్పుడు, మన రిసీవరులోనే 7099 కిలోహెర్ట్జ్ డోలనాలు పుట్టించి రెంటినీ కలిపితే, 1 కిలోహెర్ట్జ్ భేదం మిగులుతుంది. అది చెవికి వినపడే ఈల.

రిసీవరును నాలుగు గదుల ఇల్లు అనుకుందాం.

మొదటి గది: ఏరియల్ నుంచి వచ్చిన వాటిలో 7 మెగాహెర్ట్జ్ దగ్గరివాటిని మాత్రమే లోపలికి రానిచ్చే ట్యూన్డ్ సర్క్యూటు.

రెండో గది: మన డోలనాలు పుట్టించే డోలకం, అనగా ఆసిలేటరు.

మూడో గది: రెంటినీ కలిపే మిక్సరు. రెండో గది, మూడో గది కలిసి ఎన్.ఇ. 602 అనే ఎనిమిది కాళ్ళ ఐసీలో ఉంటాయి. దీనికే ఎస్.ఎ. 612 అనే సోదరుడున్నాడు.

నాలుగో గది: బలహీనమైన ధ్వని సంకేతాన్ని హెడ్‌ఫోనులో వినపడేటట్లు పెంచే ఎల్.ఎం. 386 వర్ధకం. మధ్యలో వాల్యూము కంట్రోలు.

విద్యుత్తుకు ఆరు టార్చి సెల్లులు, అంటే 9 ఓల్టులు. 386కు నేరుగా 9 ఓల్టులూ ఇస్తాం. 602 గరిష్ఠంగా 8 ఓల్టులే తట్టుకుంటుంది గనుక, 470 ఓముల నిరోధం, 6.2 ఓల్టుల జీనర్ డయోడు పెట్టి దానికి 6.2 ఓల్టులు అందిస్తాం.

కాలువ గట్టు సూత్రం

మాది వ్యవసాయ కుటుంబం. చివరి మడికి నీళ్ళు అందలేదంటే ఏం చేయాలో మా నాయన నాకు పారతో నేర్పించాడు. చివరి మడి దగ్గర నిలబడి ఆకాశం వైపు చూస్తే లాభం లేదు. కాలువ సగంలోకి పోయి చూడాలి. అక్కడ నీళ్ళున్నాయంటే బోరు, మోటారు, పైపులు అన్నీ మంచివే. తెగిన గట్టో, పూడిన బోదెనో కింది సగంలోనే ఉంది. అక్కడ కూడా నీళ్ళు లేవంటే దోషం పై సగంలో ఉంది. ఒక్క చూపుతో సగం పొలం తిరిగే పని తప్పింది.

రేడియోలో జరిగేది ఇదే. సంకేతం ఏరియల్ నుంచి హెడ్‌ఫోను దాకా పారే కాలువ. నాలుగు గదులున్నప్పుడు మొదటి నుంచి ఒక్కొక్కటే విప్పుకుంటూ పోవటం కంటే, నడిమధ్య వాల్యూము కంట్రోలు దగ్గర ఒక్క పరీక్ష చేస్తే దోషం వెనక సగంలో ఉందో, ముందు సగంలో ఉందో తేలిపోతుంది.

ఈ క్రమం తప్పితే ఎంత నష్టమో చెప్పడానికి మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. ఒక ఏడు మా శెనగకాయ చేను ఊడలు దిగే సమయంలో మోటారు ఆగిపోయింది. మీట నొక్కితే మూలుగుతుంది, తిరగదు. మెకానిక్కు ఒకాయన వచ్చి, చెవి ఆనించి విని, "వైండింగు కాలిపోయింది" అని తీర్పు చెప్పాడు. బోరులోంచి పైపులు లాగి మోటారును బయటికి తీయించాడు. షాపులో పరీక్షిస్తే వైండింగు నిక్షేపంగా ఉంది! దోషమల్లా స్టార్టరు పెట్టెలో ఒక ఫ్యూజు కారియరు దగ్గర. తీగ బిగించిన చోట కాలి, మసిబట్టి, మూడు ఫేజుల్లో ఒకటి అందటం లేదు. రెండు ఫేజులతో త్రీ ఫేజు మోటారు మూలుగుతుందేగాని బయలుదేరదు. టెస్టు లైటు పట్టుకుని మూడు కొసలూ తాకించి చూస్తే ఐదు నిమిషాల్లో తేలేది. ఈలోగా రెండు తడులు తప్పిపోయాయి. లాగుడు కూలి సరే, పోయిన తడులు తిరిగి రావు. "ముందు కరెంటు యాడదాకా వచ్చిందో చూసి గదా బోరు మీద పడాల్సింది!" అన్నాడు మా నాయన. ఎలక్ట్రానిక్సు పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాసిన విషయం ఆ ఒక్క మాటలో ఉంది.

పరీక్షించే వరుస

1. కళ్ళతో చూడటం. బ్యాటరీ తగిలించకముందే మంచి వెలుతురులో బోర్డును రెండు వైపులా చూడాలి. ఐసీ కాళ్ళ మధ్య సాల్డరు వంతెన కట్టిందా? ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ధన, రుణ కొసలు సరిగా ఉన్నాయా? ఐసీ గుంట గుర్తు సరైన వైపునే ఉందా? కాయిలు చుట్టిన రాగి తీగకు ఎనామిల్ పూత ఉంటుంది. కొసల్లో దాన్ని గీకకపోతే సాల్డరు పైకి అంటినట్లే కనిపిస్తుంది, లోపల సంబంధం ఉండదు.

2. ప్రవాహం కొలవటం. బ్యాటరీ తీగ ఒకటి తీసి మధ్యలో మల్టీమీటరును మిల్లీ ఆంపియరు స్కేలు మీద కలపాలి. ఎంత రావాలో ముందే లెక్క వేసుకోవాలి. 386 ఊరికే ఉన్నప్పుడు సుమారు 4 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. 470 ఓముల నిరోధం మీద 2.8 ఓల్టుల భేదం ఉంటుంది గనుక దాని గుండా సుమారు 6 మిల్లీ ఆంపియర్లు, అందులో 2.4 దాకా 602కు, మిగతాది జీనరుకు. మొత్తం 10. మీటరు 100 చూపితే ఎక్కడో షార్టు. సున్నా చూపితే స్విచ్చో, సెల్లుల డబ్బాలో తుప్పుపట్టిన రేకో. 10కి దగ్గరలో ఉంటే ముందుకు పోవచ్చు.

3. ఓల్టేజీలు కొలవటం. మీటరు నల్ల తీగను భూమి కొసకు తగిలించి, ఎర్ర తీగతో ఒక్కొక్క కాలును తాకాలి. 386లో 6వ కాలు మీద 9 ఓల్టులు ఉండాలి. 5వ కాలు మీద అందులో సగం, 4.5 ఉండాలి. ఈ సగం చాలా విలువైన సాక్ష్యం. ఆ ఐసీ లోపలి ఏర్పాటు వల్ల దాని నిర్గమం ఎప్పుడూ సరఫరాలో సగం దగ్గర నిలుస్తుంది. నిలిచిందంటే ఐసీ బతికుందని నమ్మవచ్చు. 602లో 8వ కాలు మీద 6.2, 4, 5 కాళ్ళ మీద సుమారు 5, 1, 2 కాళ్ళ మీద సుమారు 1.4 ఓల్టులు రావాలి.

4. వేలు పరీక్ష. ఇదే నడిమధ్య పరీక్ష. వాల్యూము పెంచి, స్క్రూడ్రైవరు లోహపు భాగాన్ని వేలితో తాకుతూ, దాని మొనను వాల్యూము కంట్రోలు నడిమి కాలుకు ఆనించాలి. "జుంయ్" మని రొద వస్తే నాలుగో గది బాగున్నట్లు. ఆ రొద మన ఒంటి నుంచి వస్తుంది. గోడల్లోని 50 హెర్ట్జ్ విద్యుత్ తీగల ప్రభావాన్ని మన శరీరం ఏరియల్ లాగా గ్రహిస్తుంది. చుట్టుపక్కల కరెంటు తీగ లేని పొలం గట్టు మీద ఈ పరీక్ష చేస్తే రొద అంతగా రాదు. అది రేడియో దోషం కాదు. ఇంకొక్క హెచ్చరిక: ఈ వేలు పరీక్ష బ్యాటరీతో నడిచే సెట్టుకు మాత్రమే. కరెంటుకు తగిలించిన ఏ పరికరంలోనూ వేలు పెట్టరాదు. ప్రాణం పోతుంది.

5. డోలకాన్ని వినటం. నాలుగో గది మంచిదే, ఓల్టేజీలు మంచివే, అయినా స్టేషన్లు రావటం లేదంటే అనుమానం డోలకం మీద. డోలనాలున్నాయా లేదా అనేది మల్టీమీటరు చెప్పలేదు. షార్టువేవు ఉన్న రేడియో పక్కన పెట్టి ముల్లు మెల్లగా తిప్పితే, మన డోలకం ఉన్నచోట దాని బుసబుస శబ్దం ఉన్నట్టుండి తగ్గుతుంది. మన సెట్టు స్విచ్చి ఆపితే బుస మళ్ళీ వస్తుంది. తాతల కాలం నాటి రేడియో ఇంట్లో ఉంటే పారేయకండి, ఇది దానికి మంచి ఉద్యోగం. ప్రయోగశాలలో సి.ఆర్.ఓ. ఉంటే ఇంకా సులువు.

ఒక అనుభవం

మా భౌతికశాస్త్ర విభాగం బీరువాలో, ఇదివరకటి బ్యాచి వారు సైన్సు ఎగ్జిబిషన్ కోసం తయారుచేసిన ఇలాంటి రిసీవరు ఒకటి దుమ్ముపట్టి ఉండింది. అది ఎన్నడూ పలకలేదని ప్రతీతి. ముగ్గురం మిత్రులం దాన్ని బయటికి తీశాం. ఒకడు "386 పోయి ఉంటుంది" అన్నాడు. ఇంకొకడు "కాదు, కాయిలు తప్పు చుట్టారు" అన్నాడు. మా లెక్చరరుగారు నవ్వి, "ఏదీ మార్చొద్దు. ముందు కొలవండి. కొలిచింది రాయండి. ఎంత రావాలో ఒక వైపు, ఎంత వచ్చిందో రెండో వైపు" అన్నారు. ఆ మాట ప్రకారమే నోటుబుక్కులో రెండు గడులు గీశాం.

ప్రవాహం రావలసింది 10, వచ్చింది 10.3. 386 ఐదో కాలు రావలసింది 4.5, వచ్చింది 4.4. 602 ఎనిమిదో కాలు 6.2కు 6.1. వేలు పరీక్షలో రొద ఘనంగా వచ్చింది. హెడ్‌ఫోనులో సన్నని బుస కూడా ఉంది. అంటే 386 పోలేదు. మొదటి అభిప్రాయం కొట్టివేత! ఐసీ మార్చి ఉంటే డబ్బు దండగ, సాల్డరు వేడికి బోర్డు మీది రాగి పట్టీ ఊడినా ఊడేది.

ఇక డోలకం. 602 ఏడో కాలు దగ్గర సి.ఆర్.ఓ. ప్రోబు పెట్టాం. తెర మీద చక్కటి తరంగం. అంటే డోలనాలున్నాయి! ఇక్కడే ఆగి "ఇది కూడా బాగుంది" అనుకుంటే కథ ముగిసేది కాదు. ఎంత పౌనఃపున్యం? ఒక్కో గడికి 0.2 మైక్రోసెకనుల చొప్పున తరంగం ఒకటి సుమారు 1.2 గడులు ఆక్రమించింది. ఆవర్తన కాలం 0.24 మైక్రోసెకనులు. దాని విలోమం సుమారు 4.1 మెగాహెర్ట్జ్. మనకు కావలసింది 7.1! తలుపు ఒక వీధిలో, అతిథి ఇంకో వీధిలో. మొదటి గది 7 మెగాహెర్ట్జ్ సంకేతాలను లోపలికి పంపుతోంది, డోలకం 4.1 దగ్గర ఎదురుచూస్తోంది. ఇక విస్పందనాలెక్కడివి?

ఇప్పుడు మన సూత్రం పనికొచ్చింది. ప్రేరకత్వాన్ని, కెపాసిటెన్సును గుణించి, వర్గమూలం తీసి, దాన్ని 6.28తో గుణించి, ఆ వచ్చినదానితో 1ని భాగిస్తే పౌనఃపున్యం. సర్క్యూటు పటం ప్రకారం కాయిలు 5 మైక్రోహెన్రీలు, మొత్తం కెపాసిటెన్సు 100 పికోఫారడ్లు. లెక్కవేస్తే 7.12 మెగాహెర్ట్జ్ వస్తుంది. పౌనఃపున్యం తగ్గిందంటే ఆ రెంటిలో ఒకటి పెరిగి ఉండాలి. ఎంత పెరిగింది? 7.12ను 4.1తో భాగించి వర్గం చేస్తే సుమారు 3. అంటే కాయిలో, కెపాసిటెన్సో మూడింతలై ఉండాలి.

కాయిలు మూడింతలు కావటం సాధ్యమా? అది టి50-2 అనే ఎర్ర ఉంగరం మీద 32 చుట్లతో చుట్టింది. ప్రేరకత్వం చుట్ల సంఖ్య వర్గాన్నిబట్టి మారుతుంది గనుక మూడింతలు కావాలంటే సుమారు 55 చుట్లుండాలి. భూతద్దం పెట్టి లెక్కపెట్టాం. 32! రెండో అభిప్రాయం కూడా కొట్టివేత.

మిగిలింది కెపాసిటెన్సు. 100 ఉండవలసినది 300 అయింది. 200 ఎక్కడి నుంచి వచ్చింది? పటంలో ఆ 100 లెక్క ఇలా ఉంది: శ్రేణిలో ఉన్న రెండు 100 పికోఫారడ్లు కలిసి 50, సమాంతరంగా 22, ట్యూనింగు కెపాసిటరు, తీగల మధ్య చాటుగా ఉండే కెపాసిటెన్సు కలిపి సుమారు 28. శ్రేణి జంటలో ఒకటి ఎంత పెద్దదైనా ఆ జంట విలువ 100 దాటదు. ట్యూనింగు కెపాసిటరు చిన్నది. మిగిలింది ఆ 22. దాని స్థానంలో 220 ఉంటే? 50, 220, 28 కలిపితే 298!

అప్పటికింకా మేము ఒక్క సాల్డరు చుక్కను కూడా కరిగించలేదు. బల్బు వెలుగులో ఆ కెపాసిటరును వంచి చూస్తే దాని ఒంటి మీద 221 అని ఉంది. ఈ చిన్న పలక కెపాసిటర్ల మీద మూడో అంకె సున్నాల సంఖ్యను తెలుపుతుంది. 221 అంటే 22 పక్కన ఒక సున్నా, 220 పికోఫారడ్లు. 220 అని ఉంటే 22 పక్కన సున్నాలేమీ లేవు, 22 పికోఫారడ్లే. 104 అంటే 10 పక్కన నాలుగు సున్నాలు, అనగా 0.1 మైక్రోఫారడు. దుకాణంలో "టూ ట్వెంటీ" అని అడిగితే ఈ రెంటిలో ఏది చేతికొస్తుందో చెప్పలేం. కాయిలు చుట్టిన నేర్పు, సాల్డరు వేసిన శ్రద్ధ అన్నీ నిర్దుష్టంగా ఉండి, చాయి ఖరీదు కూడా చేయని ఒక్క కెపాసిటరు వల్ల ఆ సెట్టు అన్నాళ్ళూ బీరువాలో పడి ఉంది.

కెపాసిటరు మార్చాం. ఆవర్తన కాలం 0.14 మైక్రోసెకనులకు వచ్చింది. మేడ మీద కట్టిన తీగ తగిలించి ట్యూనింగు తిప్పితే ముందు మోర్సు ఈలలు, తరువాత బాతు అరుపుల లాంటి మాటలు, ఇంకాస్త సవరిస్తే స్పష్టమైన మనిషి గొంతు వినిపించాయి. ఆ గొంతు వినటం కంటే, 298 అని కాగితం మీద లెక్క తేలిన క్షణమే నాకు ఎక్కువ సంతోషం కలిగించింది. అంతవరకు ఆ సూత్రం నాకు పరీక్షకు పనికొచ్చేది. ఆ రోజు అది కంటికి కనిపించని దాన్ని వేలుపెట్టి చూపించింది.

మరికొన్ని జబ్బులు, మందులు

పడవ ఇంజను శబ్దం: వాల్యూము పెంచగానే "పుట్ పుట్ పుట్" మని కొట్టుకుంటే సెల్లులు నీరసించాయని అనుమానించాలి. పాత సెల్లుకు లోపలి నిరోధం పెరుగుతుంది. 386 ఎక్కువ ప్రవాహం లాగినప్పుడల్లా సరఫరా ఓల్టేజీ కుంగి, ఆ కుంగుడు వెనక్కి పోయి మళ్ళీ వర్ధనమవుతుంది. 386 ఆరో కాలు దగ్గర 100 మైక్రోఫారడ్ల కెపాసిటరు పెడితే చాలావరకు కుదురుతుంది.

చెయ్యి పెడితే పారిపోయే స్టేషను: 100 పికోఫారడ్లలో ఒక్కటి మారితే పౌనఃపున్యం అర శాతం, అంటే సుమారు 35 కిలోహెర్ట్జ్ మారుతుంది. ఒక మనిషి మాటకు 3 కిలోహెర్ట్జ్ వెడల్పు చాలు. కనుక చెయ్యి దగ్గరికి తెచ్చినా స్టేషను జారిపోతుంది. బోర్డును బిస్కత్తు రేకు డబ్బాలో బిగించి డబ్బాను భూమి కొసకు కలపాలి.

ముల్లు ఎక్కడ తిప్పినా ఒకటే పాట: ఎక్కడో బలమైన ప్రసార కేంద్రం ట్యూనింగుతో నిమిత్తం లేకుండా చొరబడుతోంది. ఏరియల్ దగ్గర 1 కిలోఓము కంట్రోలు పెట్టి సంకేతాన్ని తగ్గిస్తే పాట పోయి అసలు స్టేషన్లు మిగులుతాయి.

వచ్చిపోయే జబ్బు: కాసేపు పలికి కాసేపు ఆగిపోతే, అతుకు పైకి బాగుండి లోపల అంటలేదని అర్థం. చీపురుపుల్లతో భాగాలను ఒక్కొక్కటే మెల్లగా కదిలించి వినాలి. పుల్ల విద్యుత్ బంధకం గనుక షార్టు కాదు. ఏ భాగాన్ని తాకితే శబ్దం మారుతుందో ఆ అతుకును మళ్ళీ కరిగించాలి.

బలహీనమైన రాక: ఏరియల్ చూడాలి. 7.1 మెగాహెర్ట్జ్‌కు అర్ధతరంగ ఏరియల్ పొడవు సుమారు 20 మీటర్లు, నడిమికి రెండు ముక్కలుగా 10 మీటర్ల చొప్పున. రెండు వేపచెట్ల మధ్య కట్టుకోవచ్చు. కరెంటు తీగల దరిదాపుల్లో కట్టరాదు. ఉరుములు మెరుపులు వచ్చేటప్పుడు తీగ ఊడదీసి బయట పెట్టాలి.

మీటరును కూడా అనుమానించాలి

కొలత అన్నంత మాత్రాన అది సత్యం కాదు. రెండు 1 మెగాఓము నిరోధాలను శ్రేణిలో పెట్టి 9 ఓల్టులు ఇస్తే వాటి మధ్య 4.5 ఓల్టులుండాలి. 1 మెగాఓము అంతర్నిరోధం గల చౌక మీటరుతో కొలిస్తే 3 ఓల్టులే చూపుతుంది. మీటరు కూడా ఒక నిరోధమై సర్క్యూటులో చేరటమే దీనికి కారణం. 10 మెగాఓముల మీటరయితే 4.3 దాకా చూపుతుంది. అలాగే డోలకం కాయిలు దగ్గర ప్రోబు ఆనిస్తే దాని కెపాసిటెన్సు చేరి డోలనాలు మారవచ్చు, ఆగిపోనూవచ్చు. మేము కాయిలును ముట్టుకోకుండా ఏడో కాలు దగ్గర కొలవటానికి కారణం అదే. కొలిచేవాడు కూడా సర్క్యూటులో భాగమే.

చివరిగా నాలుగు మాటలు

ఈ అనుభవంలోంచి నేను నేర్చుకున్న సూత్రాలు ఇవి. ఎంత రావాలో తెలుసుకోకుండా కొలవకు. కొలవకుండా మార్చకు. ఒక్కసారి ఒక్కదాన్నే మార్చు. చేసిన ప్రతిదీ రాసిపెట్టు. రేపటికి మనసు మరచినా కాగితం మరవదు.

ఈ సంచిక చదివే అధ్యాపకులకు ఒక మనవి. మన ప్రాక్టికల్సులో సర్క్యూట్లు సిద్ధంగా బోర్డు మీద బిగించి ఉంటాయి. ఓల్టేజి మారుస్తాం, రీడింగులు రాస్తాం, గ్రాఫు గీస్తాం. ఏడాదిలో ఒక్క ప్రయోగమైనా కావాలని చెడగొట్టిన సర్క్యూటు ఇచ్చి "దోషం ఎక్కడుందో కనుక్కోండి, ఎలా కనుక్కున్నారో రాయండి" అని అడిగితే ఎంత బాగుంటుంది! అందులో పక్కవాడి రీడింగులు చూసి రాయటానికి వీలుండదు, ఎందుకంటే ఒక్కొక్కరి సర్క్యూటులో ఒక్కొక్క దోషం పెట్టవచ్చు.

పూర్వ విద్యార్థులకు ఇంకొక మనవి. మీ ఇళ్ళల్లో మూలనపడ్డ షార్టువేవు రేడియోలు, పాత మల్టీమీటర్లు ఉంటే మన భౌతికశాస్త్ర విభాగానికి ఇవ్వండి. అవి పనిచేయకపోయినా ఫరవాలేదు. పనిచేయనివైతే మరీ మంచిది.

తోటి విద్యార్థులారా! మనలో చాలామందిమి పల్లెల నుంచి వచ్చినవాళ్ళం. అక్కడ మోటారు ఆగితే పంట ఆగుతుంది. "కాలిపోయింది, కొత్తది తేవాలి" అనే మాట విని తలూపటం తప్ప మన పెద్దలకు చాలాసార్లు వేరే దారి ఉండదు. మీటరు పట్టుకుని, కాలువ సగంలో నిలబడి, "నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయి, దోషం అక్కడుంది" అని చెప్పగలిగినవాడు ఆ ఇంట్లో ఒక్కడుంటే చాలు. మన డిగ్రీ చదువు ఆ ఒక్కడిని తయారుచేయాలని నా కోరిక. విభాగంలో ఆ రిసీవరు ఇప్పుడు పనిచేస్తోంది. శనివారం సాయంత్రాలు ఎవరైనా వచ్చి వినవచ్చు. మూగబోయిన సెట్టు మీ దగ్గరుంటే అది కూడా వెంట తెచ్చుకోండి.